వచనం ఎంచుకునేది ఎవరు?

కుటుంబ ప్రార్థనలో వాక్యం చదివి వదిలేయకుండా, ఆ వచనం మీద అందరూ కాసేపు మౌనంగా ధ్యానించాలంటారు. మంచి మాటే. కానీ ఆ పద్ధతి పుట్టింది ఇంట్లో కాదు. 12వ శతాబ్దంలో ఫ్రాన్సు కొండల్లోని గ్రాండ్ షార్ట్రూజ్ మఠానికి పెద్దగా ఉన్న రెండవ గీగో దానికి నాలుగు మెట్లు కట్టాడు: చదవడం, మననం, ప్రార్థన, ఆ పైన దేవుని సన్నిధిలో ఊరకుండటం. ఆ సన్యాసులు రోజులో ఎక్కువసేపు ఎవరి గదిలో వాళ్లు ఒంటరిగా ఉండేవాళ్లు. 1965లో రెండవ వాటికన్ మహాసభ లేఖనాలను ప్రార్థనతో చదవమని విశ్వాసులందరికీ చెప్పింది. 2010లో పోప్ పదహారవ బెనెడిక్ట్ ఆ మెట్లనే మళ్లీ వివరించాడు. మఠం గది దాటి నడింట్లోకి వచ్చాక ధ్యానం ధ్యానంగా మిగులుతుందా అన్నదే నా సందేహం. పిల్లల అల్లరి గురించి కాదు, దానికి అలవాటు పడొచ్చు. అసలు చిక్కు, వచనం ఎంచుకునేది ఎవరన్నది. పొద్దున కొడుకుతో గొడవపడిన తండ్రి రాత్రికి ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయం తీస్తాడు. పిల్లలు తల్లిదండ్రులకు లోబడాలన్న చోట గొంతు పెంచి, మూడో వచనం దగ్గర ఆపేస్తాడు. తండ్రులు పిల్లలకు కోపం రేపకూడదన్నది నాలుగో వచనం. ఆ తర్వాత మౌనం. ఆ తర్వాత, 'దేవుడు నీతో ఏం మాట్లాడాడు?' అన్న ప్రశ్న. పిల్లవాడికి జవాబు తెలుసు, పరీక్షలో తెలిసినట్టే. దీన్ని ధ్యానం అనడానికి నాకు నోరు రాదు.

అలాగని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమన్న మత్తయి ఆరో అధ్యాయాన్ని చూపించి ఎవరి బైబిలు వాళ్లు పట్టుకుపోతే సరిపోతుందా? అదే సువార్తలో ఒక అధ్యాయం ముందు ఇంకో మాట ఉంది: నీ మీద సహోదరుడికి ఏదైనా ఉందని బలిపీఠం దగ్గర గుర్తొస్తే, అర్పణను అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడు. ఒంటరి గదిలో ఈ వచనాన్ని ఎంతసేపైనా మననం చేయొచ్చు, మనసు కరిగి కన్నీళ్లూ రావచ్చు, సహోదరుడు మాత్రం దూరంగానే ఉంటాడు. ఇంట్లో ఆ వచనం చదివేటప్పుడు అతను ఎదురుగా చాప మీద కూర్చుని ఉంటాడు. మన భక్తి ఎంతో ఎరిగినవాళ్ల మధ్య వాక్యం వినడం మఠంలో దొరకని కష్టం. అందుకే ఇల్లు మఠానికి నాసిరకం నకలు అనుకోలేను.

తల్లిదండ్రుల పని నేర్పడమే కదా, ఇంట్లో కూర్చున్నా దారిలో నడిచినా దేవుని మాటలు పిల్లలకు చెప్పమని ద్వితీయోపదేశకాండమే ఆజ్ఞాపించింది కదా అనొచ్చు. నిజమే, నేర్పాలి. అయితే నేర్పేవాడి దగ్గర జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది, ధ్యానించేవాడి దగ్గర ఉండదు. ఈ రెండింటినీ ఒకే పావుగంటలో కుక్కితే నెగ్గేది నేర్పడమే, ఎందుకంటే అధికారం దాని వైపు ఉంది. పెద్దలు ఏరుకోకుండా సువార్తను వరసగా చదవడం, మౌనం తర్వాత ఏమీ చెప్పకుండా లేచిపోయే హక్కు అందరికీ ఇవ్వడం కొంత మందు. పూర్తి మందు కాదు, తండ్రి ముఖం చూస్తూనే ఉంటుంది కదా! మఠాలకే నియమావళి రాసిన బెనెడిక్ట్ (పైన చెప్పిన పోప్ కాదు, పాతకాలపు సన్యాసి), ముఖ్య విషయాలకు అందరినీ పిలవాలన్నాడు. ఏది మేలో ప్రభువు తరచు చిన్నవాళ్లకే తెలియజేస్తాడన్నది అతను చెప్పిన కారణం. మన ఇళ్లలో ఆ నమ్మకం ఎంతమందికి ఉంది?

పన్నెండేళ్ల కొడుకు యేసు దేవాలయంలో ఇచ్చిన జవాబు మరియకూ యోసేపుకూ అర్థం కాలేదని లూకా దాచకుండా రాశాడు. ఆ తర్వాత అతను వాళ్లతో నజరేతుకు వెళ్లి లోబడి ఉన్నాడు. మన ప్రసంగాలు పట్టుకునేది ఆ లోబడటాన్నే. కానీ ఆ సంగతులన్నీ హృదయంలో భద్రం చేసుకున్నది తల్లి. అంటే ఆ ఇంట్లో ధ్యానించింది పెద్దవాళ్లు, ధ్యానించింది బిడ్డ మాటను, అదీ అర్థం కాని మాటను. వెంటనే దిద్దకుండా, వేరే వచనం తీసి నోరు మూయించకుండా అలాంటి మాటను మోయడానికి చాలా ఓపిక కావాలి. అది లేని రాత్రి, ప్రభువు ప్రార్థన అందరూ కలిసి చెప్పుకుని అన్నానికి లేవడమే నయం.