నవ్వింది ఎవరిని?

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మొదటిసారి బ్రేకింగ్ నృత్యాన్ని ఆటగా చేర్చారు. ఆగస్టు 9న స్త్రీల పోటీ. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రేచెల్ గన్, వేదిక మీది పేరు రేగన్, కంగారూలా గెంతింది, నేల మీద పడుకుని మెలికలు తిరిగింది. మూడు పోటీలు, 54 ఓట్లు. ఆమెకి ఒక్కటీ రాలేదు. ఆ దృశ్యం నా ఫోనుకి వస్తే పగలబడి నవ్వాను. ఇద్దరు స్నేహితురాళ్ళకి పంపాను కూడా.

ఆమె వయసు 36 అనీ, సిడ్నీలోని మెక్వారీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతుందనీ, సిడ్నీ బ్రేకింగ్ బృందాల్లో జెండర్ గురించే పిహెచ్.డి. చేసిందనీ తర్వాత తెలిసింది. దాంతో లోకం నవ్వు రెట్టింపయింది. ఈ వయసులో, ఇంత చదువుకుని, ఈ గెంతులేమిటని! నాకు చురుక్కుమన్నది అక్కడే. నేనూ పాఠాలు చెప్పుకునేదాన్నే. ఈ మాటని ఇళ్ళల్లో, స్టాఫ్ రూముల్లో మనం ఎన్ని రకాలుగా వినలేదు! నా గొంతులోంచే వచ్చేసరికి గుర్తుపట్టలేకపోయాను.

కొత్త ఆటని చూసి నవ్వడం తప్పా? ఆట తెలియనివాళ్ళకి నవ్వే హక్కు లేదంటే ఇక ప్రేక్షకులెవరూ మిగలరు. కానీ ఆ చూపు ఊరికే పోదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒలింపిక్స్ చరిత్రలో మొదటిసారి స్త్రీలు 800 మీటర్లు పరిగెత్తారు. పరుగు ముగిశాక కొందరు అలసిపోయి కూలబడ్డారు, మగవాళ్ళూ కూలబడతారు. పత్రికలు మాత్రం ఆడవాళ్ళ అలసటని గోరంతలు కొండంతలు చేసి రాశాయి. మళ్ళీ 1960 దాకా ఒలింపిక్స్‌లో స్త్రీలకి ఆ పరుగే లేదు. పరుగు పూర్తిచేశారన్నది ఎవరికీ పట్టలేదు, పూర్తిచేశాక ఎలా కనిపించారన్నదే పట్టింది.

అలాగని రేగన్‌ని పూర్తిగా వెనకేసుకు రాలేను. బ్రేకింగ్ 1970లలో న్యూయార్క్ బ్రాంక్స్‌లో పేద నల్లజాతి, ప్యూర్టోరికన్ పిల్లల మధ్య పుట్టింది. తమ కళ ఒక తెల్ల అధ్యాపకురాలి వల్ల ప్రపంచం ముందు నవ్వులపాలైందన్న వాళ్ళ బాధలో న్యాయం ఉంది. అది విమర్శ, దానితో వాదించవచ్చు, ఒప్పుకోవచ్చు. ఎగతాళితో ఏం వాదిస్తాం? ఇక పోటీలకి వెళ్ళనని 2024 నవంబరులో ఆమె చెప్పేసింది.

నన్ను ఇంకా తొలుస్తున్నది వేరే. అదే రోజు, అదే వేదిక మీద మనీజా తలాష్ ఆడింది. కాబూల్‌లో బ్రేకింగ్ నేర్చుకుని, 2021లో తాలిబన్లు వచ్చాక దేశం వదిలి, స్పెయిన్ చేరిన అమ్మాయి. శరణార్థుల జట్టు తరఫున వచ్చింది. (ప్రత్యర్థి నెదర్లాండ్స్ అమ్మాయి, ఆమె పేరు ఇండియా!) ఆట మధ్యలో తలాష్ పైచొక్కా విప్పి, లోపలి లేత నీలం గుడ్డని రెండు చేతులా పరిచి చూపించింది. దాని మీద అఫ్ఘాన్ స్త్రీలకి స్వేచ్ఛ కావాలని ఇంగ్లీషులో మూడు మాటలు. ఓట్లలో ఎలాగూ ఓడిపోయింది. అది చాలక, రాజకీయ నినాదం ప్రదర్శించిందని అనర్హురాలిగా ప్రకటించారు. శరణార్థుల జట్టు అని పేరు పెట్టి నడిపించడం రాజకీయం కాదట, శరణార్థి ఎందుకయిందో వీపు మీద రాసుకుంటే రాజకీయమట!

ఆ దృశ్యం కూడా ఆ వారంలోనే నా ఫోనులో చూశాను. మనసు పాడైంది. ఫోను పక్కన పెట్టి పేపర్లు దిద్దుకున్నాను. ఎవరికీ పంపలేదు.