వివాహవస్త్రము - ఆచారమా? ఆడంబరమా?

వివాహము గృహస్థాశ్రమమునకు ద్వారము. ఆ ద్వారమున ప్రవేశించు వధూవరులు ఎట్టి వస్త్రములను ధరింపవలయునను విషయము నేడు పెక్కు కుటుంబములలో కలవరము కలిగించుచున్నది. ప్రధానమునకొకటి, ముహూర్తమునకొకటి, విందునకొకటి చొప్పున పట్టుబట్టలు కావలయునని పిల్లలు కోరుచున్నారు. పూర్వాచారము చెడినదని పెద్దలు చింతించుచున్నారు. ఈ ఇరువురి నడుమ కన్యాదాత ఋణపత్రము వ్రాయుచున్నాడు. కావున ఈ విషయమున శాస్త్రవిధి ఏది, దేశాచారమేది, కేవలాడంబరమేది అని విచారించుట యుక్తము.

ఋగ్వేదము దశమమండలమునందలి సూర్యావివాహసూక్తమున వధూవస్త్ర ప్రసక్తి కలదు. అథర్వవేదము పదునాలుగవ కాండమున ఆ వస్త్రమునకై నూలు వడికిన, నేసిన, అంచులు తీర్చిన దేవతలు స్మరింపబడిరి. ఆపస్తంబ గృహ్యసూత్రము వధువును స్నానానంతరము మంత్రపూర్వకముగ అహతవస్త్రముతో కప్పి, యోక్త్రముతో నడుము బంధింపవలెనని విధించినది. అహతమనగా నేమి? కొలదిగ ఒకపరి ఉదికినది, క్రొత్తది, తెల్లనిది, కొసలు కలది, మఱియొకరు కట్టి విడువనిది అని స్మృతులలోని నిర్వచనము. ఈ నిర్వచనమున జరీ లేదు, వెల లేదు. వస్త్రము ఎవరి మేనిని సోకని క్రొత్తదై యుండవలయుననునదే ప్రధానము. క్రొత్త జీవితమునకు క్రొత్త వస్త్రము!

తక్కిన విషయములను మహర్షులు లోకమునకే విడిచిరి. దేశాచారములును గ్రామాచారములును నానావిధములుగ నుండుననియు, వివాహమున వానిని గుర్తింపవలయుననియు ఆశ్వలాయనుడు తెలిపెను. సూత్రమున చెప్పబడని క్రియలను స్త్రీలవలన తెలిసికొనవలెనని ఆపస్తంబుడు అనెను. కనుక ఆచారమున భేదమును, మార్పును ప్రాచీనులు ఎఱుగనివారు కారు.

తెనుగునాట వధూవరులు ధరించు మధుపర్కములు ఆ అహతవస్త్రమునకు నేటికిని నిలిచిన ఆనవాలు. వరునకు తేనెయు పెరుగును కలిపి సమర్పించు మధుపర్కమను అర్చన పేరే ఆ సమయమున ఒసగు వస్త్రములకును సంక్రమించినది. రంగుటంచు గల తెల్లని నూలుబట్టకు నాలుగు కొసల పసుపు పూసినచో ధనికునకును దరిద్రునకును అదియే పెండ్లిబట్ట.

శ్రీవైష్ణవుల పెండ్లిండ్లలో అనుసంధింపబడు 'వారణమాయిరం' దశకమున గోదాదేవి తన కలను వర్ణించినది. ఇంద్రాది దేవతలు విచ్చేసిన ఆ కల్యాణమున ఆమె ధరించినది మంత్రపూతమైన నూతన వస్త్రము. ఆమెకు మాల వేసినది అంతరి, అనగా దుర్గాదేవి. సాక్షాత్తు శ్రీమన్నారాయణుని చేపట్టు ఆ తల్లి సైతము తన చీరను గూర్చి క్రొత్తదనియు, మంత్రపూతమనియు మాత్రమే చెప్పినది. విలువను చెప్పలేదు.

కాళిదాసు కుమారసంభవమున ఈ ప్రశ్ననే వేఱొక రీతిగ పరామర్శించెను. బ్రహ్మచారి వేషమున వచ్చిన శివుడు, హంసల చిహ్నములు గల పెండ్లిదుకూలమునకును, నెత్తురు బొట్లు రాలు ఏనుగుతోలునకును కొంగుముడి ఎట్లు పొసగునని పార్వతిని ఆక్షేపించెను. విశ్వమూర్తి యగు వానికి తోలైనను దుకూలమైనను ఒకటే యని ఆమె బదులిడినది. పిదప వివాహసమయమున ఆ తోలే గోరోచనపు అంచు గల దుకూలమైనది. వస్త్రమును చూచి ఆమె వరింపలేదు. ఆమె వరించిన పిమ్మట వస్త్రమే వరునకు తగినట్లు మారినది.

ఇక కాలక్రమమున కలిగిన మార్పుల కారణములను చూతము. పూర్వము ఎఱ్ఱని రంగు మంజిష్ఠ, చిరువేరు వంటి మూలికలనుండి మిక్కిలి శ్రమతో తీయబడెడిది. 1856లో విలియం పెర్కిన్ అను ఆంగ్లేయుడు రసాయనపు రంగును కనుగొనిన పిమ్మట వన్నెలన్నియు సులభములైనవి. 1804లో ఫ్రాన్సు దేశమున జాకార్డు నిర్మించిన మగ్గపు సాధనము క్రమముగ మన నేతలోనికిని వచ్చి, చీరల అంచులను చిత్రములతో నింపినది. కుట్టని బట్టకు కుట్టిన రవిక తోడైనది. ఇవియెల్ల చేతిపనిలోని మార్పులే గాని ధర్మములోని మార్పులు కావు.

ఇతర దేశములందును ఇట్లే జరిగినది. ఆంగ్లదేశమున పెండ్లికూతురు తెల్లని దుస్తులు ధరించుట అనాదిగ వచ్చినదని పలువురు తలంతురు. కాని అచట పూర్వము వధువులు తమకున్న మేలైన రంగుబట్టలనే కట్టి, తరువాతను వాడుకొనెడివారు. 1840లో విక్టోరియా రాణి తన వివాహమున తెల్లని పట్టును, హోనిటన్ పనివారు అల్లిన లేసును ధరించిన పిదపనే ఆ వాడుక ప్రబలినది. మన దేశమున 1942లో ఇందిర వివాహమునకు కట్టిన చీర తండ్రి నెహ్రూ చెరసాలలో వడికిన నూలుతో నేసినది. ఆ చీరకు విలువ జరీవలన రాలేదు. తండ్రి చేతివలన వచ్చినది.

ఇచట కొందఱు ఒక ఆక్షేపము చేయుదురు. "శ్రీనివాసుడే పద్మావతీ పరిణయమునకు కుబేరునియొద్ద అప్పు చేసెను గదా! మనము చేసిన దోషమేమి?" అని. దీనికి సమాధానము ఆ కథయందే కలదు. బ్రహ్మరుద్రులు సాక్షులుగ ఋణపత్రము వ్రాసి యిచ్చినవాడు వరుడు. ఆకాశరాజుచేత అప్పు చేయించి వైభవము కోరినవాడు కాడు ఆ వరుడు! పైగా ఆ ఋణమునకు కలియుగాంతము గడువు. అది భక్తులను తన కొండకు రప్పించుకొను లీల. సామాన్య గృహస్థునకు వడ్డీ నెలనెల పెరుగును. కనుక ఆడపిల్ల తండ్రిచేత అప్పు చేయించి, ఆడబిడ్డ లాంఛనములనియు, పెట్టుబట్టలనియు పట్టుచీరలు కోరువారు శ్రీనివాసుని కథను తలక్రిందులుగ చదివినవారే యగుదురు.

ఇట్లనుటచే పట్టువస్త్రము తగదని తాత్పర్యము కాదు. శక్తిగలవారు ధర్మవరమునుండియో గద్వాలనుండియో కొనినచో నేతగాని యింట పొయ్యి వెలుగును, అదియు పుణ్యమే. శక్తి లేనివారు ముహూర్తమునకు నూలు మధుపర్కములు కట్టి, తక్కిన వేడుకలకు తల్లి పెండ్లిచీరను కూతునకు కట్టినచో లోపమేమియు లేదు. ఒకరు శక్తికొలది కొని, మఱియొకరు లేమిచే మానినను కర్మఫలమున భేదము రాదు. ఒకరు బలవంతముగ కోరి, మఱియొకరు కన్నీటితో ఇచ్చినచో ఎంతటి జరీచీరయు మంగళవస్త్రము కానేరదు.

సప్తపది నడచు వేళ కొంగులు ముడివడునే గాని వాని వెలలు ముడివడవు. ఆ ముడి గట్టిగ నుండుటకు కావలసినది పరస్పర గౌరవము. దానిని వధూవరులకును వారి పెద్దలకును శ్రీ అలమేలుమంగాసమేతుడగు శ్రీనివాసుడు ప్రసాదించుగాక!