ఏలీయా మౌనము, హన్నా కన్నీరు



యౌవనస్థుడొకడు తన ప్రాణము తానే తీసికొనెనని వినగానే, అది క్షమింపబడు పాపమా కాదా అని మనము తర్కింతుము. సమాధుల తోటలో చోటియ్యవచ్చునా అని కూడ వాదింతుము. చనిపోయినవారి తీర్పు దేవునిది. బ్రదికియున్నవారిని గూర్చిన ప్రశ్న మనది. దానినే మనము అడుగుటలేదు.

2022లో మన దేశమందు 1,70,924 మంది ఈలాగు మరణించిరని ప్రభుత్వపు లెక్క. మూడింట ఒక వంతు 18 మొదలు 30 ఏండ్లలోపువారు. మొత్తములో నూటికి ఇంచుమించు 72 మంది పురుషులు. అంతమాత్రమున స్త్రీల దుఃఖము తక్కువని తలంపకుడి. అనేక దేశములలో ప్రయత్నము చేయువారిలో స్త్రీలే ఎక్కువ. ఆ యేట మన దేశమున ఈలాగు మరణించిన స్త్రీలలో సగముకంటె ఎక్కువమంది గృహిణులు. ఇల్లే ఆడదానికి భద్రమని బోధించు మనము ఈ లెక్కయొద్ద కొంచెము ఆగవలెను.

కారణము ఒక్కటే యుండుట అరుదు. మగవానికి అప్పు, పనిలేమి, త్రాగుడు, ఆడుదానికి కట్నపు వేధింపు, దెబ్బలు, గొడ్రాలను నింద, ఇద్దరికిని మనోవ్యాధి. అయితే బాధను బయటపెట్టు విధములో భేదమున్నది. చావు కోరిన దినమున ఏలీయా తన దాసుని బెయేర్షెబాలో విడిచి, ఒంటరిగా అరణ్యములోనికి పోయెను (1 రాజులు 19). మగపిల్లవానికి ఏడ్వకూడదని చిన్ననాడే నేర్పిన మనకు ఇది వింతకాదు. హన్నా భోజనము మాని, మందిరములోనే ఏడ్చెను. యాజకుడే ఆమె త్రాగియున్నదనుకొనెను (1 సమూయేలు 1). పుట్టింటికి వచ్చి మొరపెట్టుకొనిన కుమార్తెను, సర్దుకొమ్మని అదే యింటికి మరల పంపు తండ్రులు మన సంఘములలోను ఉన్నారు. వారి ప్రార్థనలు మాత్రము దీర్ఘమైనవి!

కాబట్టి కుమారుని అడుగవలెను, కుమార్తెను నమ్మవలెను. చావవలెనని తోచుచున్నదా అని నెమ్మదిగా అడిగినందున ఆ తలంపు పుట్టదని వైద్యులు చెప్పుదురు. ఏలీయాకు దూత ముందుగా ఇచ్చినది ప్రసంగము కాదు, రొట్టెయు నీళ్లును. ప్రార్థించుడి, వైద్యుని యొద్దకు తోడుగా పోవుడి. 2017 చట్టము ప్రయత్నించి బ్రదికినవారిని తీవ్రవేదనలో ఉన్నవారినిగా ఎంచి శిక్ష తప్పించుచున్నది గనుక, పోలీసు భయముచేత దాచకుడి. 14416 నంబరుకు టెలీ మానస్ వారితో రాత్రింబగళ్లు ఉచితముగా తెలుగులో మాటలాడవచ్చును.

ఆ తలంపు తీవ్రత అనేకులకు కొద్ది గంటలలో తగ్గును. అందుచేత పొలపు పురుగుమందులు ఇంట నుంచక, వేరుచోట తాళము వేయుడి. తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెనో ఈ రాత్రియే ఇంటివారందరు కూర్చుండి నిర్ణయించుకొనుడి.