దుఃఖమునకు తూనిక

పుదుచ్చేరి పట్టణమునకు పడమరగా, విల్లుపురము పోవు బాటపై రెడ్డియార్‌పాళయము కలదు. పేరు వినగానే తెలుగు చెవికి చుట్టరికము తోచును గాని, వీధిలో వినవచ్చు భాష తమిళమే. హిందీ గ్రంథములను తెలుగులోనికి తెచ్చుట వృత్తిగా గల నేను ఇచ్చటనే కాపురముందును. 2024 నవంబరు 30వ తేదీ సాయంకాలము ఫెంగల్ తుఫాను ఈ తీరమును సమీపించుచుండగా, మూడు భాషల వార్తలను మార్చి మార్చి చూచుచుంటిని. నేను చూచినంతసేపు హిందీ ఛానెలులో చెన్నపట్టణమే కనబడెను: మూతపడిన విమానాశ్రయము, నీట నిలిచిన కార్లు, గొడుగు తిరగబడినను మాట ఆపని విలేకరి. పుదుచ్చేరి పటము మీద ఒక చుక్క మాత్రమే. అంతలో కరెంటు పోయెను.

ఆ రాత్రి తుఫాను తీరము దాటి, ముందుకు సాగక, గంటల తరబడి మా చెంతనే నిలిచిపోయెను. తెల్లవారుసరికి 24 గంటలలో 46 సెంటీమీటర్లకు పైగా వాన కురిసెను. అంతకు ముందు 30 ఏండ్లలో ఏ ఒక్కనాటి వానయు అంతకు చేరలేదు. కృష్ణానగరులో సైనికులు పడవలు వేసి జనులను తరలించిరి. ఆ ఉదయము యానాము నుండి మా బావమరది ఫోను చేసి, "రాత్రంతా టీవీ ముందే కూర్చున్నాం బావగారూ. మీ ఊరు చూపించలేదు. ఏమీ కాలేదన్నమాటే గదా!" అనెను. మా గుమ్మములో మోకాలి లోతు నీట నిలిచి ఆ మాట వింటిని.

అతనిపై నాకు కోపము రాలేదు. వచ్చుటకు నాకు హక్కును లేదు. యానాము తెలుగు ఊరు, మా పుదుచ్చేరి ప్రభుత్వము క్రిందిదే. 2022 జూలైలో గోదావరి భద్రాచలము వద్ద 70 అడుగులు దాటి, ఆ నీరు దిగువకు వచ్చి యానామును ముంచినపుడు నేను తెరపై భద్రాచలమును చూచితిని, యానామును చూడలేదు. అక్కడ అంతయు క్షేమమనుకొని రెండు దినముల తరువాత గాని ఫోను చేయలేదు. కనబడనిది జరుగలేదని నోటితో ఎవ్వరమును అనము. మన కాలును చేయియు మాత్రము ఆ నమ్మకమును అనుసరించియే కదలును.

అనువాదములో నన్ను తరచు ఆపు మాట యొకటి కలదు. హిందీలో 'ఆపదా' యను పదము భూకంపమునకు, వరదకు, దేశమంతయు ఎరిగిన ఉత్పాతమునకు చెల్లును. తెలుగులో ఆపద యనగా ముందుగా ఒక యింటికి, ఒక మనిషికి వచ్చినది. ఆపద మొక్కులు మొక్కువాడు ఒక మనిషి. కనుక హిందీలో 'ప్రాకృతిక్ ఆపదా' అని యున్నచోట నేను 'ప్రకృతి విపత్తు' అని వ్రాయుదును; వ్రాసిన ప్రతిసారియు ఏదో జారిపోయినట్లుండును. వార్తలు విపత్తులను ఎన్నుకొనును. ఎన్నిక కాని చోటులలో కూడ ఇంటింట ఆపద ఉన్నదను సంగతి మనము మరతుము.

ఈ ఎన్నిక దేనిని బట్టి జరుగును? నార్వే దేశపు పండితులు జొహాన్ గాల్టుంగ్, మారి రూగె 1965లో విదేశవార్తల నిర్మాణమును గూర్చి వ్రాసిన వ్యాసములో కొన్ని సూత్రములను చెప్పిరి. కొద్ది వ్యవధిలో జరిగి ముగియునది, పెద్దది, అర్థము సందిగ్ధము కానిది, మన సంస్కృతికి దగ్గరిది, పలుకుబడి గలవారికి సంబంధించినది వార్త యగుట సులభమని వారి మాట. అది పత్రికలను గూర్చి చెప్పినది. టెలివిజను వచ్చి దానికి బొమ్మను చేర్చెను. ఈ సూత్రములకు తుఫాను చక్కగా సరిపోవును. దాని రాకకు ముందే తిథియు వేళయు తెలియును. 2004 నుండి మన సముద్రములలో పుట్టు తుఫానులకు పేర్లును పెట్టుచున్నారు. కెమెరాతో పోయి ఒడ్డున కాచుకొనవచ్చును.

ఎండకు పేరు లేదు. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణములలో వడదెబ్బకు వేయిమందికి పైగా చనిపోయిరి. అంతకు ముందటి అక్టోబరులో విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుఫానునకు ఆంధ్రలో చనిపోయినవారు వందలోపే. ఆ సంఖ్య తగ్గుట ముందస్తు హెచ్చరికల వలన, జనులను తరలించుట వలన. అందులో వార్తల పుణ్యమును కలదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు హెచ్చరిక చేరవలసినట్లు చేరక పదివేల ప్రాణములు పోవుటను ఎరిగినవారు ఈ పుణ్యమును తక్కువ చేయరు. అయినను హుద్‌హుద్ అనగానే మన మనసులో ఒక దృశ్యము లేచును. ఆ ఏటి ఎండ అన్నచో ఏదియు లేవదు. పొలములోనో, రోడ్డుపనిలోనో, రేకుల యింటిలోనో ఒక్కొక్కరుగా కూలినవారిని ఏ కెమెరా ఒక చట్రములో ఇముడ్చగలదు?

ఇది కేవలము కీర్తికి సంబంధించిన ప్రశ్నయైనచో ఉపేక్షింపవచ్చును. కాని చూపు వెంట సహాయము నడచును. ఆర్థికశాస్త్రజ్ఞులు థామస్ ఐసెన్సే, డేవిడ్ స్ట్రోంబెర్గ్ 1968 నుండి 2002 వరకు సంభవించిన సుమారు 5,000 విపత్తులను అమెరికా టెలివిజను వార్తలతోను, ఆ ప్రభుత్వము చేసిన సహాయముతోను పోల్చి 2007లో తమ పరిశోధనను ప్రకటించిరి. ఒలింపిక్ క్రీడల వంటి పెద్ద వార్త నడచు దినములలో వచ్చిన విపత్తునకు ప్రసారము తగ్గెను, దానితోపాటు సహాయమును తగ్గెను. అగ్నిపర్వతము వలన ఒక్కడు మరణించినచో లభించు ప్రసారావకాశము కరవునకు లభింపవలెనన్న 40,000 మంది మరణింపవలెనని వారి అంచనా.

ఇది చదివినపుడు నాకు 2011 డిసెంబరు 30 జ్ఞాపకము వచ్చెను. ఆ ఉదయము థానే తుఫాను పుదుచ్చేరికిని కడలూరుకును నడుమ తీరము దాటెను. పన్రుట్టి ప్రాంతమున జీడిమామిడి, పనస తోటలు నేలకొరిగెను. అంతకు కొన్ని గంటల ముందే, అర్ధరాత్రి వేళ, రాజ్యసభ లోక్‌పాల్ బిల్లుపై ఓటు జరుగకయే ముగిసెను. దేశము ఆ మాటయే మాటలాడుచుండెను. ఎవ్వరును కుట్ర చేయలేదు. తుఫాను తగని దినమున వచ్చెను, అంతే. అయినను తోట పోయినవాని గతి ఢిల్లీలో సభ ముగిసిన వేళపై ఆధారపడుట న్యాయమగునా?

సంపాదకుని పక్షమున చెప్పవలసినది కూడ కలదు. దినమునకు 24 గంటలే, విలేకరులు కొద్దిమంది, చూచువారు విసుగు చెందిన మరుక్షణమే మీట నొక్కుదురు. అన్నింటిని చూపుమనుట ఏదియు చూపవద్దనుటయే యగును. ఎన్నుకొనుట దోషము కాదు. అయితే కొరుకుడు పడని పేరాను విడిచిన అనువాదకుని తలపుడు. అతడు అబద్ధమాడలేదు, కాని మూలములో ఆ పేరాయే లేదని పాఠకుడు నమ్మును. విడిచితినని ఒక మాట వ్రాసినచో సగము దోషము పోవును. వార్తలలో అట్టి గుర్తు కనబడుట అరుదు.

1759లో ఆడమ్ స్మిత్ నైతిక భావములను గూర్చి వ్రాయుచు ఒక ఊహ చేసెను. చీనాదేశము భూకంపమున మునిగెనని విన్న ఐరోపావాడు కొంత విచారించి ఆ రాత్రి హాయిగా నిద్రించును. రేపు తన చిటికెనవ్రేలు పోవునన్నచో నిద్రింపడు. ఇంతవరకే చెప్పి ఆగువారు పెక్కుమంది. కాని స్మిత్ అంతటితో ఆగలేదు. ఆ వ్రేలిని కాపాడుకొనుటకు అన్ని ప్రాణములను బలి యిచ్చునా యని అడిగి, ఈయడని చెప్పెను. మన అనుభూతి పొట్టిది. దానిని సరిదిద్దు అంతరాత్మ వేరుగా నున్నది. దూరపు దుఃఖమునకు తక్కువగా ఏడ్చుట మానవస్వభావము. ఏడ్పు తగ్గినంత మాత్రమున ధర్మము తగ్గినదనుకొనుట మాత్రము పొరపాటు.

అడగనిదే అమ్మయినను పెట్టదని మన లోకోక్తి. కాని గొంతు పెగలని బిడ్డను ముందుగా చూచునదియు అమ్మయే. నాకు తోచిన కొలత యిది: మన చూపు వలన ఎవరికి ఎక్కువ మేలు కలుగునో వారివైపు అది ముందు మరలవలెను. చెన్నపట్టణపు బాధ బాధ కాదని నా భావము కాదు. పడవలు, అధికారులు, దాతలు చేరిన చోట పదవ కెమెరా చేయు మేలు స్వల్పము. ఎవ్వరును పోని ఊరిలో మొదటి కెమెరా ఒక ప్రాణము నిలుపవచ్చును. ఫెంగల్ బలహీనపడిన తరువాతనే, డిసెంబరు 1న, తిరువణ్ణామలైలో కొండచరియ విరిగిపడి ఏడుగురు మరణించిరి. సముద్రమునకు ఎంతో దూరమైన ఊత్తంగరైలో 50 సెంటీమీటర్ల వాన కురిసెను. తుఫాను ముగిసినదను మాట ఒడ్డున నిలిచినవారికే నిజము.

తెరను నిందించి ఊరకుండుట సులభము. సంపాదకుడు మన వ్రేళ్ళు ఏ మీట నొక్కునో చూచియే ఎన్నుకొనును. కనుక ఆ ఎన్నికలో మనకును భాగమున్నది. నా మట్టుకు నేను ఒక చిన్న అలవాటు చేసికొంటిని. ఒకనాటి వేసవిలో మా బావమరదికి ఫోను చేసి, యానాములో ఎండ ఎట్లున్నదని అడిగితిని.

"ఏం బావగారూ, టీవీలో ఏమైనా చెప్పారా?" అని అతడు కంగారుపడెను.

"ఏమీ చెప్పలేదు. అందుకే అడిగాను" అంటిని.