ఫిర్యాదు చేయలేనివాళ్ల ముందు

నాగర్‌కర్నూల్, వనపర్తిలలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. నల్లమల పెంటల నుంచి వచ్చే మా చెంచులు రేపు ఆ విద్యార్థుల చేతుల్లోకే వెళ్తారు. డాక్టర్లయ్యాక వాళ్లను వైద్య మండలి విచారణ నుంచి కాపాడేది ఏమిటి? ఈ ప్రశ్నను మేము మా బడిలో నిలబడి ఆలోచిస్తున్నాం.

పాఠం అయ్యాక "అర్థమైందా?" అంటే తరగతంతా "అయింది సారూ" అంటుంది. "ఏమర్థమైందో చెప్పు" అన్నప్పుడే సంగతి బయటపడుతుంది. ఆసుపత్రిలో మావాళ్లూ అంతే. తల ఊపుతారు, చూపినచోట వేలిముద్ర వేస్తారు. అది సమ్మతేనా?

1990లో హైదరాబాద్ నిమ్స్‌లో ప్రశాంత్ అనే ఇంజనీరింగ్ విద్యార్థి ఛాతీలోని గడ్డ నుంచి పరీక్ష కోసం ముక్క తీయడానికి ఒప్పుకున్నాడు. డాక్టర్లు గడ్డనే తీసేశారు. నడుము కింద చచ్చుబడింది. గడ్డ తీయడానికి సమ్మతి లేదని తేల్చి, 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ఇప్పించింది. అక్కడ తన కేసు ఆయనే వాదించుకున్నాడు.

పరిహారం కోర్టు పని. డాక్టరు పేరును రిజిస్టరులో ఉంచాలా, తీసేయాలా అన్నది మండలి పని. 2002 నియమావళి ప్రకారం సమ్మతి లేని ఆపరేషన్ దుష్ప్రవర్తనే. ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులు 3 ఏళ్లు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఫిర్యాదు వస్తే డాక్టరు మాటా వినాలి. చికిత్స ఫలించనంత మాత్రాన నిర్లక్ష్యమైపోదని 2005లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి నిజాయితీగా, ఆరోజే రాసిన కేసు షీటు డాక్టరుకు అండ. తర్వాత దిద్దిన కాగితం ముంచుతుంది. తనిఖీ ముందు రాత్రి రిజిస్టర్లు నింపిన అనుభవం మా టీచర్లకూ ఉంది. అంతా ఒకే సిరా, ఒకే చేతివాటం. చూడగానే తెలిసిపోతుంది.

అయితే ఈ జాగ్రత్తంతా ఫిర్యాదు భయంతోనే అయితే, మావాళ్లకు ఏం మిగులుతుంది? మండలి ఒకటి ఉందన్న సంగతే పెంటల్లో చాలామందికి తెలియదు. చదువుకున్నవాడి దగ్గర ఒకలా, వేలిముద్ర వేసేవాడి దగ్గర ఒకలా ఉండే డాక్టరు మీద ఎన్నడూ విచారణ రాకపోవచ్చు. అంతమాత్రాన తప్పు లేనట్టా?

విద్యార్థులారా, "మేం ఏం చేయబోతున్నామో నీ మాటల్లో చెప్పమ్మా" అని అడగండి. ఆమె చెప్పింది కేసు షీటులో రాయండి. దానికి కొద్ది నిమిషాలు చాలు. మావాళ్ల కోసం మేము అడుగుతున్నది ఆ కొద్ది నిమిషాలే.