వెళ్లగలిగి వెళ్లకపోవడం

కష్టపడి చేరుకున్నవాడికే అడవి కనిపిస్తుందన్న మాట నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. ట్రెక్కింగ్‌కి వెళ్లే మిత్రులు ఈ మాట అంటారు. అడవుల మీద నిజమైన ప్రేమ ఉన్న పెద్దలూ అంటారు. కొండ నడిచి ఎక్కే భక్తులు ఇదే సంగతి ఇంకో రకంగా చెబుతారు. దారి సులువైతే దర్శనం విలువ తగ్గుతుందట, రోడ్డు పడితే అడవి పోతుందట. రెండో మాటలో చాలా నిజం ఉంది. దాని చాటున మొదటి మాట కూడా నిజంలా చెలామణి అయిపోతోంది.

నల్లమలలో మల్లెల తీర్థానికి వెళ్లొచ్చినప్పటి నుంచి ఇది నన్ను వదలడం లేదు. వటవర్లపల్లి దగ్గర శ్రీశైలం రోడ్డు వదిలి లోపలికి వెళ్లాలి. బండి ఆగిన చోటి నుంచి లోయలోకి 350 దాకా మెట్లు ఉంటాయి. మా అమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మొదటి మెట్టు దగ్గర నిలబడి కిందికి చూసి, "మీరు వెళ్లి రండి నాన్నా" అంది. చెట్ల సందుల్లోంచి నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. నీళ్లు మాత్రం కనిపించడం లేదు.

కింద రాయి పొరలు పొరలుగా ఉంది. మధ్యలో ధార దూకుతుంటే, పక్కన ఆ పొరల సందుల్లోంచి ఊట మెల్లగా దిగి నాచు కొసల దగ్గర బొట్టు బొట్టుగా తెగిపడుతోంది. ఒక బొట్టు కొసకు వచ్చి, బరువెక్కి, సాగి, పడేదాకా చూశాను. అది పడీ పడకముందే అక్కడే ఇంకోటి ఊరుతోంది. వానాకాలంలో నల్లమల తాగి దాచుకున్న నీళ్లవి. ఎండలు ముదిరేసరికి ధార సన్నబడిపోతుంది. ఉన్నన్నాళ్లూ వాగై కృష్ణలోకి పోతుంది. ధార కింద కుర్రాళ్లు కేకలు వేస్తూ తడుస్తున్నారు. వాళ్లలో ఒకడు ఖాళీ చిప్స్ ప్యాకెట్‌ని మడిచి రాతి పొరల మధ్యకు కుక్కాడు. ఇందాకటి ఊట దిగుతున్న సందులోకే.

వాళ్లంతా అన్ని మెట్లూ దిగి వచ్చినవాళ్లే. ఆకు తెంపాలన్నా చేయి రాని మా అమ్మ పైన ఉండిపోయింది. కష్టమనే జల్లెడ మోకాళ్లను చూస్తుంది గానీ మనసును చూడదు. అలాంటిదాన్ని అడవికి కాపలా అని ఎలా నమ్మాలి?

మన పాతవాళ్లు కూడా కష్టాన్ని అంతగా పూజించలేదు. అలిపిరి దారిలో మోకాళ్ల పర్వతం ఎక్కినవాడికి పుణ్యమన్నారు, మెట్లు కట్టించినవాడికీ పుణ్యమన్నారు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. దాన్ని ఇప్పటికీ ఆయన కీర్తిలో కలిపే చెప్పుకుంటాం. కష్టంలోనే పవిత్రత ఉంటే ఆయన చేసింది అపచారం కావాలి కదా. ఎవరూ అలా అనుకోలేదు.

ఇక్కడిదాకా నా వాదన బాగానే నడిచింది. మెట్లెక్కి పైకి వచ్చాక ఆగిపోయింది.

అమ్మ ఒక బండ మీద కూర్చుని ఒక చెంచు ఆవిడతో మాట్లాడుతోంది. దగ్గర్లోని పెంట నుంచి, అంటే చెంచుల గూడెం నుంచి, వచ్చిందట. ఇద్దరూ ఒక ఈడువాళ్లే. "నువ్వు రోజూ దిగుతావా అమ్మా?" అని అడిగింది మా అమ్మ. "పనుంటె దిగుతమమ్మా. ఊకె ఏం దిగుతం?" అంది ఆవిడ. అమ్మ నవ్వేసింది.

నేను తలలో వాదన పేర్చుకుంటూ ఎక్కొచ్చింది అందరూ చూడగలగాలని. అడవే ఇల్లయిన మనిషికేమో చూడ్డానికి వెళ్లడమన్నది ఒక పనే కాదు. ఆవిడకు మెట్లూ అక్కర్లేదు, చూసే చోటూ అక్కర్లేదు.

ఇది చెబితే ఒక మిత్రుడు, "చూశావా, అడవివాళ్లే దిగరు, మీ అమ్మ దిగకపోతే ఏం పోయింది" అన్నాడు. ఆ ఓదార్పు నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో మాత్రం వెంటనే చెప్పలేకపోయాను. ఇద్దరూ ఆ పైనే కూర్చున్నారు, నిజమే. ఒకావిడ వెళ్లగలిగీ వెళ్లలేదు. ఇంకొకావిడ వెళ్లలేకపోయింది. తిరుగు దారంతా అమ్మ అడుగుతూనే ఉంది. ఎంత ఎత్తు నుంచి పడుతోంది? గుండం లోతుగా ఉందా? లింగం ఉందంటారు, చూశారా? ఇంటికొచ్చాక కూడా ఫోన్లో ఫొటోలు పెట్టమని అడిగేది. చెంచు ఆవిడకు ఈ ప్రశ్నలు ఉండవు.

ఆ తేడా నాకు ఇంకో దేశంలో అర్థమైంది. కాలిఫోర్నియాలో చెల్లెలి దగ్గరికి వెళ్లినప్పుడు అమ్మను యోసెమిటీ జలపాతం దగ్గరికి తీసుకెళ్లాం. 2,425 అడుగుల జలపాతం అది, అంచెలంచెలుగా పడుతుంది. కింది అంచె దగ్గరికి అడవిలోంచి చదునైన బాట ఉంది. తూర్పు వైపు నుంచి వీల్‌చెయిర్ వెళ్తుంది. మే నెల కావడంతో మంచు కరిగి నీళ్లు హోరుమంటున్నాయి. తుంపర వచ్చి అమ్మ కళ్లద్దాల మీద పడింది. అద్దాలు తీసి చీర కొంగుతో తుడిచి, పెట్టుకుని చూసింది. మళ్లీ తడిసిపోతే మళ్లీ తుడిచింది. కాసేపయ్యాక, "ఇక చాలు, పోదాం పద, చలేస్తోంది" అంది. ఆ తర్వాత ఆ జలపాతం గురించి నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మల్లెల తీర్థం దగ్గర ఆమెకు దొరకనిది నీళ్లు ఒక్కటే కాదు. "చాలు" అనే వీలు దొరకలేదు.

అలాగని ఆ చదునైన బాటను నెత్తిన పెట్టుకోలేను. పనుంటే వాగులోకి దిగే మనుషులు అక్కడా ఉండేవారు. 1851లో సాయుధ దళం అక్కడి ఆదివాసులైన అహ్వానీచీలను యోసెమిటీ లోయలోంచి వెళ్లగొట్టింది. 1864లో లింకన్ సంతకంతో ఆ లోయ చూడవచ్చేవాళ్ల కోసం రక్షిత స్థలమైంది. మా అమ్మ వీల్‌చెయిర్ వెళ్లింది ఆ నేల మీదే. పులుల పేరు చెప్పి చెంచులను పెంటల నుంచి కదిలించే మాట వినపడినప్పుడల్లా నాకు ఆ బాట గుర్తొచ్చి భయమేస్తుంది.

మరి అడవి సంగతి? అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. దాన్ని ఇన్నాళ్లూ మన సంయమనం కాపాడిందని చెప్పుకోలేం. రాళ్లు, ముళ్లు, చలిజ్వరాలు, పులి భయం కాపాడాయి. మనం వెళ్లలేకపోయాం, అంతే. ఆ కాపలా ఇప్పుడు పనిచేయదు, యంత్రాలకు ఏ లోయా అడ్డం కాదు. 2019లో యురేనియం కోసం నల్లమలను తవ్వుతారన్నప్పుడు జనం వద్దన్నారు, సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. అడవి ఎంత లోతుగా ఉందన్నది అప్పుడు లెక్కకు రాలేదు. శ్రీశైలం రోడ్డుకు మన్ననూరు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు వేస్తారు. రోడ్డు బాగుంది, బండి బాగుంది, వెళ్లగలం. జంతువులు రోడ్డు దాటాలి కాబట్టి వెళ్లం. ఆ గేటు దగ్గర ఆగినప్పుడు నాకు విసుగు రాదు. చెంచు ఆవిడ ఎప్పటి నుంచో చేస్తున్న పని అక్కడ మేమందరం చేస్తున్నట్టుంటుంది.

మల్లెల తీర్థం లోయలోకి వీల్‌చెయిర్ దిగాలంటే కొండను తొలచాలి. అది నేను అడగను. లోయ అంచున, చెట్టు కొట్టకుండా, ధార కనిపించే చోటిదాకా ఎక్కడైనా వీలుంటే ఒక చదునైన బాట వేయమని అడుగుతాను. బాట పడితే బళ్లు పెరుగుతాయి. అందుకే రోజుకు ఇన్నే బళ్లని లెక్క పెట్టమని కూడా అడుగుతాను. ఇక్కడే నా కాలు నిలవడం లేదు. లెక్క నిండిపోయిందని మా బండిని వెనక్కి తిప్పితే, నాకది మానుకోవడం అవుతుంది. వెనక సీట్లో కూర్చున్న అమ్మకేమో అది మళ్లీ వెళ్లలేకపోవడమే. ఆమె తరఫున నేను త్యాగం చేయలేను. కాబట్టి ఆ లెక్కలో ముందు చోటు ఇన్నాళ్లూ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయినవాళ్లకు ఇవ్వాలి. మిగిలితే మాకు, మిగలకపోతే మేం వటవర్లపల్లి నుంచే వెనక్కి తిరుగుతాం. నేను దిగి చూశాను, అమ్మ చూడలేదు.