చూసి కొట్టు బిడ్డా

బిడ్డా, ఐబీఎం ఐ మెషీన్ల మీద పని దొరికిందన్నావు, ఎంత సంతోషమైందో! టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారుచేసిన ఈసీఐఎల్ కంపెనీ పక్కనే పెరిగినోడివి, నీకు తెలివికేం తక్కువ? తొందరే ఎక్కువ. అందుకే ఒక్క మాట, విసుక్కోకుండా విను. కమాండ్ ఏదైనా సరే, ముందు చూడు, తర్వాత ఎంటర్ కొట్టు.

మనం సొంతంగా కట్టుకునే ఫైల్ సిస్టమ్ ఉందే, అదే యూడీఎఫ్ఎస్, దాన్ని సీఆర్‌టీయూడీఎఫ్ఎస్ కమాండ్‌తో క్షణంలో కట్టేస్తావు. కానీ ఏ డిస్క్ పూల్‌లో కడుతున్నావో చూసుకున్నావా? క్యూఏఎస్‌పీ01 అని రాస్తే అది సిస్టమ్ పూల్‌లోకే పోతుంది. ఫైళ్ల పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పాటించాలా వద్దా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. కట్టాక మార్చుకుందామంటే కుదరదు. అందుకే ఎఫ్4 నొక్కి ఒక్కో గడీ చదువు. అర నిమిషం పోతే పోనీ.

కట్టగానే అయిపోలేదు, మౌంట్ చేస్తేనే లోపలి ఫైళ్లు అందుతాయి. ఇక్కడే పిల్లలు బెదిరిపోతారు. అప్పటికే ఫైళ్లున్న డైరెక్టరీ మీద మౌంట్ చేశావనుకో, అవి కనబడవు. పాత చాప మీద కొత్త చాప పరిచినట్టే, కిందిది ఎటూ పోలేదు. అన్‌మౌంట్ చేస్తే మళ్లీ కనిపిస్తుంది. అది తెలియక "ఫైళ్లు పోయాయి" అని కంగారుపడి ఇంకో నాలుగు కమాండ్లు కొట్టావో, అసలు నష్టం అప్పుడు జరుగుతుంది. కాబట్టి ముందు చూడు. డీఎస్‌పీయూడీఎఫ్ఎస్ కొడితే ఆ యూడీఎఫ్ఎస్ మౌంటయి ఉందో లేదో, ఎక్కడ ఉందో చెప్తుంది. మెషీన్ ఐపీఎల్ అయితే, అంటే రీస్టార్ట్ అయితే, మౌంట్ ఊడిపోతుంది. మౌంట్ కమాండ్‌ను స్టార్టప్ ప్రోగ్రామ్‌లో రాసి పెట్టుకో.

ఇక డీఎల్‌టీయూడీఎఫ్ఎస్. దాని దగ్గర మాత్రం చెయ్యి ఆపు నాయనా. అది ఖాళీ గిన్నెను తీసేసే కమాండ్ కాదు, లోపలున్న ఫైళ్లన్నిటితో కలిపి తుడిచేస్తుంది. అవి ఎవరి నెలజీతం లెక్కలో, ఎవరి ఇంటి లోను కాగితాలో! డిలీట్‌కు ముందు అన్‌మౌంట్ చెయ్యాలి. అది అవనంటే ఎవరో లోపల పని చేసుకుంటున్నారన్నమాట. వాళ్లను అడుగు, బలవంతం చెయ్యకు. సేవ్ చేసేటప్పుడూ అంతే. అన్‌మౌంట్ చేసి సేవ్ చేస్తే ఫైళ్లతో పాటు ఆ ఫైల్ సిస్టమ్ వివరాలూ వస్తాయి. సేవ్ అయిందని కళ్లారా చూశాకే డిలీట్ మాట ఎత్తు.

పండక్కి చర్లపల్లి టెర్మినల్‌లో రైలెక్కే సాయంత్రం ఈ పని అసలు పెట్టుకోకు. రైలు పోతే ఇంకోటి వస్తుంది, సేవ్ చెయ్యని ఫైలు మళ్లీ రాదు. నువ్వు మంచికే చేస్తావు, నాకు తెలుసు. మంచికి చేసినా చూడక చేస్తే, ఆ రాత్రంతా మేలుకొని కూర్చునేది నీ తోటివాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు.

రేపు ఆఫీసుకు పోగానే మీ మెషీన్‌లో ఏ యూడీఎఫ్ఎస్ ఏ డైరెక్టరీ మీద మౌంటయి ఉందో ఒక నోటుబుక్కులో రాసిపెట్టు. పక్క సీటు వాళ్లకూ చూపించు. ఆ తర్వాతే ఏ కమాండైనా కొట్టు.